చదును నేల కావలెను

డాక్టర్ జోగారావు గారికి చేమదుంప దురద మీద డాక్టరేటు ఉంది. ఆ దురద ఎందుకు పుడుతుంది, ఏ రకానికి ఎక్కువ, ఏ పూట తవ్విన దుంపకి తక్కువ అని అడిగితే చాలు, పొద్దుగూకేదాకా చెబుతారు. అలాంటి మనిషికి కొండప్రాంత దుంపపంటల పరిశోధన కేంద్రం వారు యంత్రాల విభాగాన్ని అదనపు బాధ్యతగా అప్పగించారు. ఎందుకయ్యా అంటే, బాధ్యతలు పంచే సమావేశానికి ఆయన ఆలస్యంగా వచ్చారు. మన ఆఫీసుల్లో పని వచ్చినవాడికి కాక రానివాడికే పడుతుంది కదా.

యంత్రాల విభాగం అంటే ఏదో ఫ్యాక్టరీ అనుకునేరు. ఒక రేకుల షెడ్డు, అందులో ఒక మినీ ట్రాక్టరు, దాన్ని నడిపే పైడిరాజు. అంతే సంగతి.

వేసవి చివర్లో ఆ ట్రాక్టరుకి వెనక చేతులు లేవడం మానేశాయి. నాగలిని పైకెత్తి దించే రెండు ఇనప చేతులుంటాయి చూడండి, అవి. వాటిని ఎత్తేది హైడ్రాలిక్ నూనె. గొట్టం బిగింపు దగ్గర నూనె చెమ్మగా కారుతూ కారుతూ తగ్గిపోయింది. పైడిరాజు ఆ బిగింపు సరిచేశాడు, కారడం ఆగింది. ఇక నూనె ఎంత తగ్గిందో కొలిచే పుల్ల తీసి చూసుకుని, తగ్గినంతా పోస్తే అయిపోయే పని. ట్రాక్టరుకి వెనకాల తగిలించి ఉన్న, మట్టిని వరస గట్లుగా లేపే బోదె నాగలి మాత్రం అప్పటిదాకా నేలకి కరుచుకునే ఉంది.

"డబ్బా స్టోర్లోనే ఉంది బాబూ. ఇచ్చీండి, పోసీస్తాను" అన్నాడు పైడిరాజు.

"ఎంత పోస్తావు?"

"సుమారుగా పోస్తాను."

'సుమారుగా' అన్న మాట వినగానే జోగారావు గారిలోని డాక్టరేటు ఉలిక్కిపడి లేచింది. దురదనే కొలిచిన మనిషి ఆయన. సుమారుగా అంటే ఊరుకుంటారా! డబ్బా తెచ్చి తన బల్ల మీద పెట్టుకుని, ట్రాక్టరుతోపాటు వచ్చిన పుస్తకం దుమ్ము దులిపి తెరిచారు. అందులో ఇలా ఉంది: ట్రాక్టరును చదునైన నేలపై నిలిపి, వెనక చేతులు దించి, ఇంజను ఆపి, కొంతసేపు ఆగి, పుల్ల తీసి, శుభ్రంగా తుడిచి, తిరిగి పెట్టి తీసి చూడవలెను. నూనె రెండు గీతల నడుమ ఉండవలెను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఏజెన్సీ కొండల్లో కేంద్రం మొత్తం ఒక కొండ వాలు మీద ఉంది. షెడ్డు వాలు, దారి వాలు, డైరెక్టరు గారు ముద్దుగా పెంచుకుంటున్న అర ఎకరం లానూ వాలే. చదునైన నేల ఎక్కడుందో ఆయనకి తోచలేదు. వాలులో నిలబెట్టి చూస్తే నూనె ఒక పక్కకి చేరుతుంది, పుల్ల అబద్ధం చెబుతుంది. అంటే ఆయన పట్టుకున్న పాయింటు తప్పు కాదు. ఒప్పే. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఇందులో ఇంకో మనిషి ఇరుక్కుని ఉంది. కొండ దిగువ ఊళ్ళో కొర్రా చిలకమ్మ అని ఒక రైతు. చలికాలంలో జోగారావు గారు ఆవిడ పొలం చెక్క దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆవిడ ఎప్పటిలాగే పక్కవాళ్ళ ఎడ్లని మాట్లాడుకోబోతోంది.

"ఎడ్లెందుకు చిలకమ్మా! మా ట్రాక్టరొచ్చి బోదెలు తోలుతుంది. కొత్తరకం పసుపు విత్తనం ఇస్తాను, బోదెల మీద వేద్దువుగాని. ఊరంతా వచ్చి చూస్తారు. నాదీ పూచీ" అన్నారు ఈయన.

ఆ 'పూచీ' అన్న మాట అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది. ఆవిడ ఎడ్లని వదిలేసుకుంది, అవి ఇంకొకరి పొలానికి కుదిరిపోయాయి. విత్తనం బుట్టల్లో ఆవిడ ఇంటి చూరు కింద ఉంది. నాలుగు వానలు పడేలోగా బోదెలు తోలితే పంట, లేకపోతే ఆ యేడు ఆవిడకి పసుపు లేదు.

అయినా ఆ పూటే డబ్బా పైడిరాజు చేతికిచ్చేసి ఉంటే కథ ఉండేది కాదు. కానీ మర్నాడు సమావేశం ఉంది.

సమావేశంలో డైరెక్టరు విశ్వేశ్వరం గారు ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన సర్క్యులరు చదివారు. ఇకమీదట ఏ యంత్రానికి ఏ మరమ్మతు చేసినా తయారీదారు సూచనలను అక్షరాలా పాటించాలట. చదివి, కళ్ళజోడు తీసి, "మనలో తయారీదారు సూచనలు చదివినవారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

అందరూ బల్ల వైపు చూసుకున్నారు. అనుభవజ్ఞులు అలాగే చూసుకుంటారు. జోగారావు గారు మాత్రం లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో ఆయనకి ఇప్పటికీ తెలీదు. క్లాసులో చేయెత్తే అలవాటు కొందరికి పెన్షను వచ్చేదాకా పోదు.

"నేను చదివాను సార్. హైడ్రాలిక్ నూనె చదునైన నేల మీదే చూడాలి. మన కేంద్రంలో చదునైన నేల లేదు."

విశ్వేశ్వరం గారు కుర్చీలో ముందుకి జరిగారు.

"అంటే... ఇన్నేళ్ళుగా మనం వాలులో నూనె చూస్తున్నామా?"

"చూస్తున్నట్టు ఆధారాలేమీ లేవు సార్" అన్నారు జోగారావు గారు, నిజాయితీగా.

"దిగ్భ్రాంతికరం! ఇది ఒక ట్రాక్టరుకి సంబంధించిన అంశం కాదు. సంస్థాగతమైన లోటు. దీన్ని సమగ్రంగా పరిష్కరించి మొత్తం కొండప్రాంతానికే మార్గదర్శకంగా నిలుద్దాం. అంతవరకూ నూనె ముట్టుకోరాదు."

చప్పట్లు కొట్టారు. 'చదును నేల అన్వేషణ సంఘం' ఏర్పడింది. దానికి కన్వీనరు ఎవరో చెప్పక్కర్లేదు. ఆయన చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

సంఘంలో రెండో సభ్యుడు ఇంజనీరు భాస్కరం గారు. ఎత్తుపల్లాలు కొలిచే మూడుకాళ్ళ దుర్భిణి భుజానేసుకుని కేంద్రమంతా తిరిగారు. వరండా వాలు. గేటు ముందు స్థలం వాలు. వాలీబాల్ కోర్టు కూడా వాలేనని తేలాక, ఏటా అకౌంట్సు వాళ్ళే ఎందుకు గెలుస్తున్నారో అందరికీ అర్థమయింది. దాని మీద ఒక చిన్న గొడవ జరిగి సర్దుకుంది. ఆఖరికి కాన్ఫరెన్సు హాలు నేల ఒక్కటే చదునని తేలింది గానీ, అది ట్రాక్టర్ల కోసం కట్టింది కాదు గనక దాన్ని పక్కన పెట్టారు.

"ఇక ఒకటే దారి, నిర్మించుకోవడం" అన్నారు భాస్కరం గారు. "ఒక కాంక్రీటు వేదిక. 'సమతల వేదిక' అని పేరు పెడదాం. ఎస్టిమేటు నేను వేస్తాను, ఆవశ్యకత మీరు రాయండి."

జోగారావు గారు ఆవశ్యకత రాశారు. తెలుగులో అంత మంచి ఆవశ్యకత తను మళ్ళీ రాయలేనని ఆయనకే అనిపించింది. రెండుసార్లు పైకి చదువుకున్నారు కూడా.

ఈలోగా మొదటి వాన పడింది. చిలకమ్మ కొంగున ఒక పసుపు కొమ్ము కట్టుకుని కొండెక్కి వచ్చింది.

"ఇదిగో బాబూ, సూడండి. మొలకలొచ్చీసినాయి. బండెప్పుడొస్తాది?"

తెల్లటి మొలక, కొసన కొంచెం ఆకుపచ్చ. జోగారావు గారు ఆ కొసని వేలితో ముట్టి చూశారు.

"వస్తుంది చిలకమ్మా. వేదిక పని జరుగుతోంది."

"ఏదికేటి బాబూ?"

"ట్రాక్టరుని నిలబెట్టడానికి."

"ఇప్పుడు పడుకునుందేటి?"

పైడిరాజు కల్పించుకుని, "పోనీ, నాగలి లేవకపోయినా పరవానేదు, అలాగే ఆయమ్మ పొలానికి తోలీమంటారా బాబూ? తారురోడ్డు కూడా దున్నుకుంటా పోవాల, అంతే" అన్నాడు. తారురోడ్డు రోడ్ల శాఖ వారిది. వాళ్ళ నేల దున్నడానికి మనకి అధికారం లేదు.

"మరా నాగలిని ఇప్పి పక్కనెట్టీస్తే?" అంది చిలకమ్మ.

అదీ ఆలోచించారు. నాగలి సాగు విభాగం వారి ఆస్తి. వాళ్ళ అధికారి సంతకం లేకుండా దాన్ని విప్పడానికి లేదు. ఆ అధికారి శిక్షణకి వెళ్ళాడు. శిక్షణ విషయం, సత్వర నిర్ణయాలు తీసుకోవడం. అది ముగిసేది ఎప్పుడన్నదానిపై నిర్ణయం ఇంకా రాలేదు.

చిలకమ్మ కొమ్ముని మళ్ళీ కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. రెండు తిట్టి ఉంటే జోగారావు గారికి ఆ రోజు అన్నం సహించేది.

వేదిక లేచింది. కాంక్రీటు పోశారు. కాంక్రీటుని నీళ్ళతో తడపాలని నిబంధన ఉంది గనక, జోరుగా వాన కురుస్తుంటే గొడుగేసుకుని మరీ గొట్టంతో తడిపారు. జోగారావు గారు స్వయంగా గొడుగు పట్టారు. తడిచిన కొద్దీ గట్టిపడుతుందని భాస్కరం గారు చెబుతుంటే, బుట్టల్లో ఎండుతున్న మొలకలు గుర్తొచ్చి ఆయన మొహం ఇంకోవైపు తిప్పుకున్నారు.

ప్రారంభోత్సవానికి విశ్వేశ్వరం గారు శాలువాతో వచ్చారు. రిబ్బను కత్తిరించారు. "వాలు నుంచి సమతలానికి! ఇది మన ప్రయాణం. ఈ వేదిక ఒక కట్టడం కాదు, ఒక దృక్పథం" అన్నారు. నిబంధనల ప్రకారం వాడకానికి ముందు కొలవాలి గనక, భాస్కరం గారు మూడుకాళ్ళ దుర్భిణి పెట్టి చూశారు. కాగితం మీద రాశారు. దాన్ని జోగారావు గారు అందరి ముందూ పైకి చదివారు. మళ్ళీ చదివారు.

"భాస్కరం గారూ, దీనికి వాలుంది!"

"ఉంటుంది" అన్నారు భాస్కరం గారు తాపీగా.

"ఇది సమతల వేదికండీ!"

"అయితే ఏం? ఆకాశం కింద కట్టే ఏ కట్టడానికైనా నీరు పోవడానికి వాలు తప్పనిసరి. అది మా శాఖ మాన్యువల్లో ఉంది. మీ మాన్యువల్ని మీరు అక్షరాలా పాటిస్తారు, మా మాన్యువల్ని మేం పాటించకూడదా?"

ఆయన చెప్పిందీ తప్పు కాదు. మన ఆఫీసుల్లో తప్పు చెప్పేవాళ్ళు తక్కువ. అందరూ ఒప్పే చెబుతారు, అందుకే ఏదీ కదలదు.

విశ్వేశ్వరం గారు శాలువా సర్దుకున్నారు. ఆయన ఓటమి ఒప్పుకునే మనిషి కాదు.

"మనకి నిర్ధారిత సమతలం ఒకటి ఇప్పటికే ఉంది కదా. కాన్ఫరెన్సు హాలు. ప్రక్రియని గౌరవించే సంస్థకి గది అనీ బయలు అనీ భేదం ఉండరాదు. ట్రాక్టరు ఎంత వెడల్పు?"

"మినీ సార్. తలుపులు రెండూ తీస్తే పడుతుంది" అన్నారు జోగారావు గారు. అన్నాక నాలిక కరుచుకున్నారు. కొలిచి మరీ పెట్టుకున్నాడండీ పెద్దమనిషి!

"మరింకేం? రేపే."

మర్నాడు హాల్లో కుర్చీలు బయటికి చేర్చారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. పైడిరాజు ట్రాక్టరు స్టార్టు చేసి, వెనక నేలకి కరుచుకున్న బోదె నాగలి వైపు ఒకసారి, పైన హాలు వైపు ఒకసారి చూశాడు. రెండింటికీ నడుమ అర ఎకరం లాను.

"దున్నుకుంటా రావాల బాబూ" అన్నాడు.

"నిటారుగా రాకు, ట్రాక్టరు తిరగబడుతుంది. అడ్డంగా రా" అని అరిచారు భాస్కరం గారు.

పైడిరాజు అడ్డంగా వచ్చాడు. నాగలి వెనకాల మట్టి రెండు పక్కలా విచ్చుకుని చక్కటి బోదె లేచింది. ఆ చివర విశ్వేశ్వరం గారి గులాబీలున్నాయి. "గులాబీలు! గులాబీలు! ఇటు తిప్పు!" అన్నారు ఆయన. పైడిరాజు తిప్పి, కొంచెం పైనుంచి మళ్ళీ అడ్డంగా వచ్చాడు. ఈ చివర అకౌంట్సు వాళ్ళ వాలీబాల్ స్తంభం ఉంది. "ఓయ్, ఓయ్! అటు!" అని వాళ్ళు కేకలేశారు. మళ్ళీ తిప్పాడు. 'పచ్చదనాన్ని కాపాడుదాం' అన్న బోర్డు అడ్డొచ్చింది, తప్పించాడు. ఎవరి వస్తువు వాళ్ళు కాపాడుకుంటూ ఎడమకి, కుడికి, ఎడమకి అంటుంటే, ట్రాక్టరు లాను ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూ తిరుగుతూ ఒక్కో బోదె పైకెక్కి, చివరికి హాలు మెట్ల దగ్గర ఆగింది. కింది మెట్టుకి ముందు చక్రాలు తగిలాయి. మెట్ల సంగతి ఏ సంఘమూ ఆలోచించలేదు.

అప్పుడే వాన మొదలైంది. సన్నగా, ఒక్క తీరుగా, నేల తాగేలాంటి వాన.

గేటు దగ్గర చిలకమ్మ నిలబడి ఉంది. వెనకాల ఆవిడ వదినా, చెల్లెలూ, ముగ్గురి నెత్తిన మూడు బుట్టలు.

"బాబూ, మీ యిత్తనం మీకు ఇచ్చీడానికొచ్చినాను. ఇంక మా ఇంట్లో కుళ్ళిపోడమే. నా సెక్కలో గునపంతో కెల్లగించుకుని చోడి గింజలు జల్లుకున్నాను" అంది. తిట్టలేదు, ఏడవలేదు. వస్తువు తిరిగిచ్చేస్తున్నట్టు మామూలుగా అంది.

జోగారావు గారికి సిగ్గేసింది. ఇంతవరకూ ఆయనకి ఇబ్బంది కలిగింది, చిరాకు కలిగింది, బాధ కూడా కలిగింది గానీ, సిగ్గు ఇదే మొదలు. ఒక్క డబ్బా నూనె. అది ఇప్పటికీ ఆయన బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంది.

చిలకమ్మ బుట్ట దింపబోతూ ఆగింది. లాను వైపు చూసింది. కొండకి అడ్డంగా, వానకి తడుస్తూ, వరసగా బోదెలు.

"అబ్బ, బలేగ తోలినార్రా! ఎవులి కోసం?"

డైరెక్టరు గారు మిగిలిన గులాబీలు లెక్కపెట్టుకుంటున్నారు. భాస్కరం గారు మూడుకాళ్ళ దుర్భిణి ముడుచుకుంటున్నారు. ఇలాంటప్పుడు లేచి నిలబడే అలవాటున్న మనిషి ఆ వరండాలో ఒక్కరే ఉన్నారు.

"నీ కోసమే చిలకమ్మా" అన్నారు జోగారావు గారు.

చెప్పులు వరండాలో వదిలేసి, ప్యాంటు మడిచి దిగారు. ఒక బుట్ట ఆయనే అందుకున్నారు. పైడిరాజు ట్రాక్టరు ఆపేసి వచ్చాడు. ఆడవాళ్ళు ముగ్గురూ బోదెల మీద వంగారు. మొలక విరక్కుండా ఎలా పెట్టాలో జోగారావు గారు వివరించబోతే, చిలకమ్మ "మీరు బుట్ట పట్టుకోండి బాబూ, సాలు" అంది. పట్టుకున్నారు.

"జోగారావు గారూ!" విశ్వేశ్వరం గారు గులాబీల లెక్క వదిలేసి కేకేశారు. "ఏమిటిది? అది నా లాను!"

"లాను ఇందాకే పోయింది సార్. ఇది ఇప్పుడు దుక్కి. మిగతాది నాదీ పూచీ."

మెమో ఇచ్చేవారే. కానీ పై వారం ప్రధాన కార్యాలయం తనిఖీ బృందం వస్తున్నట్టు కబురొచ్చింది. దున్నేసిన లానుకి జవాబు చెప్పడం కష్టం. మొలకెత్తిన పసుపుకైతే ఏదో ఒకటి చెప్పొచ్చు. బృందం వచ్చేసరికి బోదెల మీద ఆకులు లేచాయి, 'వాలునేల ప్రదర్శన క్షేత్రం' అని బోర్డు కూడా లేచింది. విశ్వేశ్వరం గారు సంస్థ దార్శనికత మీద బాగా మాట్లాడారు. బృందం పెద్దాయన తల ఊపి, "బాగుంది, బాగుంది. పంట ఎవరిది?" అన్నాడు.

"సంస్థ..." అని విశ్వేశ్వరం గారు మొదలుపెట్టారు.

"కొర్రా చిలకమ్మది సార్" అన్నారు జోగారావు గారు, మామూలు కంటే కాస్త గట్టిగా. "విత్తనం ఆవిడ చేతికి ఇచ్చాం. నాటింది ఆవిడ. మా చేతగానితనం వల్ల ఆవిడ పొలంలో రావాల్సింది ఇక్కడ వచ్చింది. మొత్తం ఆవిడదే."

విశ్వేశ్వరం గారి మొహం ఎర్రబడింది. బృందం పెద్దాయన మాత్రం 'చేతగానితనం' అన్న మాట వదిలేసి, "రైతు భాగస్వామ్యం! అద్భుతం!" అని రాసుకున్నాడు. పెద్దలు తమకి కావలసిందే వింటారు. ఒక్కోసారి అదీ మంచికే వస్తుంది. అంతమంది ఎదుట పంట చిలకమ్మదని తేలిపోయాక, ఇక ఎవరూ కాదనలేకపోయారు.

మాఘంలో దుంప తవ్వారు. ఉడకబెట్టిన పసుపుని ఆరబెట్టడానికి చిలకమ్మకి చోటు కావాలి. సమతల వేదిక ఖాళీగానే ఉంది. దాని మీద ఇంతవరకూ ఎక్కింది ప్రారంభోత్సవపు మైకు ఒక్కటే. అక్కడ పసుపు పరిస్తే కేంద్రమంతా వాసన. నడుమ ఒకరోజు అకాల వాన పడ్డా, నీరంతా ఒక పక్కకి జారిపోయింది. ఒక్క కొమ్ము కూడా నానలేదు.

జోగారావు గారు అటుగా వచ్చి నిలబడ్డారు. చిలకమ్మ పసుపుని చేత్తో తిరగేస్తోంది.

"ఈ అరుగు ఎవులు కట్టించినారు బాబూ? బలే వాలుగా కట్టినారు."

"నేనే" అన్నారు ఆయన. నవ్వాపుకోలేకపోయారు. "నేనే కట్టించాను. చదునుగా ఉండాలని."

ఆవిడకి అర్థం కాలేదు గానీ ఆయన్ని చూసి ఆవిడా నవ్వింది. దూరంగా హాలు మెట్ల దగ్గర ట్రాక్టరు టార్పాలిను కప్పుకుని అలాగే ఉంది. మెట్ల మీదుగా ఎక్కించడానికి ర్యాంపు కట్టాలని ప్రతిపాదన. ర్యాంపుకి వాలు ఉండొచ్చా అన్నది భాస్కరం గారు పరిశీలిస్తున్నారు.

"ఆ బండికి నూనె పోసీసినారా బాబూ?"

"లేదు చిలకమ్మా. సిగ్గుచేటు. ఈ యేడు ఎలాగైనా పోయిస్తాను. డబ్బా నా బల్ల మీదే ఉంది."

చిలకమ్మ చేతిలో పని ఆపింది. అటు లాను వైపు, ఇటు అరుగు వైపు చూసి, గొంతు తగ్గించి బతిమాలుతున్నట్టు అంది.

"తమరికి దణ్ణం పెడతాను బాబూ. వొచ్చే యేడు కూడా పొయ్యకండి."